చాటెడు తవుడుకు కొన్న పేరు

నా పేరు పెంటయ్య. ఈ రెండు ముక్కలు సిగ్గుపడకుండా రాయడానికి నాకు సగం జీవితం పట్టింది.

నాకంటే ముందు మా అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. అలాంటి ఇంట్లో ఇంకొకడు పుడితే మా నారాయణఖేడ్ వైపు ఒక పద్ధతి ఉండేది. పసివాణ్ణి ఇంటి వెనక పెంటకుప్ప మీద పడుకోబెడతారు. వేరే ఇంటి మనిషి "నాకు దొరికిండు" అంటూ ఎత్తుకుంటుంది. తల్లి చాటెడు తవుడు పోసి వాణ్ణి కొనుక్కుంటుంది. ఇంట్లోవాళ్లే పారేసినదాని మీద చావుకు ఆశ పుట్టదని నమ్మకం. అలా దక్కినవాడు పెంటయ్య, ఆడపిల్లయితే పెంటమ్మ. మా బడిలో హాజరు పిలిస్తే ఆ పేరుకు ముగ్గురం లేచేవాళ్లం. భూములున్న ఇళ్లలోనూ పెంటయ్యలు ఉండేవారు, చర్చికి వెళ్లే ఇళ్లలో బాప్తిస్మం పేరు వెనక దాక్కునీ ఉండేవారు. ఒక్కొక్కరి వెనకా పేరైనా పెట్టకముందే పోయిన పిల్లలు ఉంటారని అప్పుడు తెలియదు. దవాఖానలు వచ్చాయి, పిల్లలు బతకడం మొదలైంది, పేరు అరుదైపోయింది.

నన్ను కుప్ప మీంచి ఎత్తుకున్నది మా కిరాణా దుకాణంలో పప్పులు చెరిగే అవ్వ. కొత్తిమీర కట్టకు కూడా బేరమాడే మా అమ్మ ఆ రోజు మారు మాట లేకుండా తవుడు పోసిందట. మా వంశంలో బేరం లేకుండా కొన్నది నన్నొక్కణ్ణే. సరుకు చూస్తే, బేరమాడి ఉండాల్సింది.

రెండువేల ఏడో ఎనిమిదో. దుకాణం నా చేతికి రాగానే బోర్డు మార్చాను. సినిమా పోస్టర్ల మీద కనిపించే తరహా పేరొకటి పెట్టుకున్నాను. ఒక మధ్యాహ్నం, హైదరాబాద్ నుంచి వచ్చిన నూనె కంపెనీ మనిషితో బేరం తెగబోతుండగా, కంగ్టి బస్సు దిగి అవ్వ వచ్చింది. అప్పటికే పని మానేసి కంగ్టిలో మనవరాలి దగ్గర ఉంటోంది.

"పెంటిగా, మంచిగున్నవా?"

కంపెనీ మనిషి నవ్వు ఆపుకోవడానికి మీసం సవరించుకున్నాడు.

"ఏంది అవ్వా, జల్దీ చెప్పు."

"మనుమరాలికి కొడుకు పుట్టిండు. ముందుగాల ఇద్దరు పోయిండ్రు గదా. మంచిగనే ఉన్నడని దవాఖానల చెప్పిండ్రు, గని పిల్లకు నిద్ర పడ్తలేదు. గీ బేస్తారం కుప్ప మీదికెల్లి ఎత్తుతం. పెంటయ్య అయి బతికినోడు ఎత్తితే దానికి ధైర్యముంటది. నువ్వు రావాలె కొడుకా."

నేను అవ్వ వైపు కాదు, కంపెనీ మనిషి వైపు చూశాను.

"గసుంటి పేర్లు ఇప్పుడెవరు పెడ్తుండ్రు అవ్వా? గిక్కడ పెంటయ్య గింటయ్య ఎవ్వరు లేరు. బోర్డు చూడు."

అవ్వకు చదువు రాదు. అయినా తలెత్తి బోర్డు వైపు చాలాసేపు చూసింది.

"సరే సేటు," అంది.

ఆమె నన్ను సేటు అనడం అదే మొదలు. ఆ పూట నూనె బేరం నాకు లాభంగానే తెగింది. అది కూడా చెప్పాలి.

బేస్తవారం వెళ్లలేదు. ఆదివారం వెళ్లాను, బండి మీద సంచీ నిండా తవుడు పెట్టుకుని. తప్పు చేసినప్పుడు కాస్త ఎక్కువ తూచి సర్దుకోవడం మా దుకాణం అలవాటు.

అవ్వ ఆ ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ తెప్పించి నా ముందు వేసింది. చిన్నప్పుడు ఆమె చెరిగే పప్పుల పక్కనే గోనెసంచీ మీద పడి నిద్రపోయినవాణ్ణి నేను.

"ఊరంత అడిగినం సేటు. ఇద్దరే పెంటయ్యలున్నరు. ఒకాయన మంచంల పడ్డడు, ఒకాయన పనికి హైదరాబాద్ పోయిండు. సొంతింటోళ్లు ఎత్తొద్దంటరు, గని ఒకన్ని బతికిచ్చిన చెయ్యే గదా అని నేనే ఎత్తిన. పిల్లకు ఇంకా దిగులు పోలే."

"పేరు?"

"పెంటయ్యనే. ఇంకేం పెడ్తం?"

ఉయ్యాలలో వాడు పిడికిళ్లు బిగించి నిద్రపోతున్నాడు. తల్లి మాత్రం కళ్లార్పకుండా వాడి ఊపిరినే చూస్తూ కూర్చుంది. నా వైపు తిరగలేదు.

"అవ్వా, నేను పెంటిగాన్నే," అన్నాను.

"యాదున్నది సేటు." సంచీ వైపు చూసింది. "ఇగ దీంతోని పనేమున్నది? బర్రెకు పెడ్తం. ఆగు, సంచి ఖాళీ జేసిస్త."

దులిపి, మడత పెట్టి, నా చేతిలో పెట్టింది. దీపావళికి అచ్చు వేయించిన గుడ్డసంచీ అది. పైమడత మీద నా కొత్త పేరుంది.