వెనక కాయ లేని బండికి బ్రేకు

నేను రిటైర్ కావడానికి ముందు సంవత్సరం, మామిడి సీజను ముగిసిన ఆగస్టులో, నాకొక చిత్రమైన పని అప్పగించారు. అప్పటికి నేను రేణిగుంట దగ్గర బ్రేకు ప్యాడ్లు తయారుచేసే ఒక కర్మాగారంలో వాహన పరీక్షల విభాగానికి సీనియర్ మేనేజర్ని. ఈ ఉద్యోగం బయటివాళ్లకు చప్పున అర్థం కాదు. రెసిన్, లోహపు పీచు, గ్రాఫైట్ లాంటివి పాళ్లు చూసి కలిపి ప్యాడుకు కావలసిన మిశ్రమం తయారుచేసేవాళ్లు వేరు. అది ఏ బండికి, ఏ దారికి పనికొస్తుందో తేల్చేవాణ్ణి నేను. వండినవాడికి తన వంట ఎప్పుడూ బాగానే ఉంటుంది, తిని చూసి ఉప్పెక్కువైందని మొహం మీద చెప్పేవాడు ఒకడుండాలి కదా! సర్వీసంతా నేను చేసింది ఆ పనే. అందుకే ఆఫీసులో నాకు శత్రువులకు కొదవ లేదు.

చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడిపే ప్రసూన అనే ఆవిడకు ఒక స్పోర్ట్స్ కారు ఉంది. దానికి ట్రాక్ డేల్లో ఎక్కువకాలం మన్నే ప్యాడ్లు ఎంపిక చేసి ఇవ్వాలి. ట్రాక్ డే అంటే పోటీ కాదు. సొంత కారున్నవాళ్లు రుసుము కట్టి, రేసు ట్రాకు మీద విడతకు పావుగంటో ఇరవై నిమిషాలో తమ ఇష్టం వచ్చినంత వేగంగా తోలుకునే రోజు. సీజనంతా గుజ్జు డ్రమ్ముల మధ్యే తెల్లవారే ఆమెకు, మిగతా ఏడాదిలో ఉన్న సరదా అదొక్కటే. వీలైనప్పుడల్లా చెన్నై దారిలో ఉన్న ట్రాకుకు వెళ్లి వచ్చేది.

అంతకుముందుసారి వెళ్లినప్పుడు, పొడుగాటి దారి చివరనున్న మలుపు దగ్గర బ్రేకు పట్టలేదు. కారు ట్రాకు దాటి కంకరలోకి దూసుకుపోయి ఆగింది. ఆమెకు చిన్న గీత కూడా పడలేదు. దెబ్బ తగిలింది ఆమె తండ్రి మునిరత్నం గారి గుండెకు. ఆయన వయసులో ఉన్నప్పుడు మామిడికాయల లారీ స్వయంగా తోలి, ఆ సంపాదనతోనే ఫ్యాక్టరీ పెట్టిన మనిషి. స్పోర్ట్స్ కారు కూడా ఆయన పేరు మీదే ఉంది. కూతురితో కలిసి నా గదికి వచ్చి, టీ కూడా ముట్టకుండా తేల్చి చెప్పేశారు.

“ఇంగొక తూరి బ్రేకు పట్టలేదంటే ఆ బండి అమ్మేస్తా సార్. ఇల్లు చేరాల్సింది నా బిడ్డ, బండి కాదు.”

ప్రసూన కళ్లు నా మీదే పెట్టి కూర్చుంది. ఆ చూపు చూశాక, ఇది గదిలో కూర్చుని తేల్చే పని కాదని, ట్రాకుకు నేనే వెళ్లాలని నిర్ణయించుకున్నాను.

పాత ప్యాడ్లు విప్పించి చూస్తే ఒళ్లు మండింది. అవి మావే! గట్టిగా మన్నేది కావాలని మునిరత్నం గారు అడిగితే, మా సేల్స్ మేనేజరు తిరుమల ఘాట్‌లో తిరిగే ట్యాక్సీలకు చేసే మిశ్రమాన్నే ఆ కారు కొలతకు అచ్చు వేయించి ఇచ్చాడు. మా కర్మాగారంలో అదొక నమ్మకం. ఏ కొత్త ప్యాడునైనా ముందు కొండ ఎక్కించి దించుతారు. అక్కడ నిలబడిందంటే లోకంలో ఎక్కడైనా నిలబడుతుందంటారు. నేను నిలదీస్తే, కొండ దిగిన ప్యాడుకు ఇంకేం పరీక్ష కావాలని అతను నన్నే ఎదురడిగాడు. కొండకు దండం పెట్టుకో నాయనా, బ్రేకుల లెక్క మాత్రం నాకొదిలిపెట్టు అన్నాను.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు. ఘాట్‌లో వేగానికి హద్దుంది. బ్రేకులో వేడి మెల్లగా ఎక్కి ఒకచోట నిలబడుతుంది. ట్రాకులో అలా కాదు. కారు రెండు వందల వేగం నుంచి కొద్ది క్షణాల్లో మలుపు వేగానికి దిగాలి, చుట్టు చుట్టుకూ అదే తంతు. వేడి ఆరేడు వందల డిగ్రీలకు పోతుంది. ఘాట్ ప్యాడులోని రెసిన్ అంత వేడికి కాలి ఆవిరవుతుంది, ప్యాడుకూ, చక్రంతో పాటు తిరిగే డిస్కుకూ మధ్య పట్టు జారిపోతుంది. దీన్ని మేము ఫేడ్ అంటాం. కొండ మీద ఏళ్ల తరబడి మన్నే సరుకు ట్రాకులో ఒక పూట కూడా మన్నదు.

అలాగని అన్నిటికన్నా గట్టి రేసింగు ప్యాడు వేస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. అది తాను అరగకుండా డిస్కును తినేస్తుంది. ఏదో ఒకటి అరగందే బండి ఆగదు. అందుకని లోహపు పాలు ఎక్కువగా ఉండి, డిస్కును మరీ గీకని మధ్యరకం ట్రాక్ మిశ్రమాన్ని ఎంచి, కర్మాగారంలోని పరీక్ష యంత్రం మీద రెండు రోజులు కాల్చి చూశాను. నిలబడింది. కాలి ఒత్తిడిని చక్రాలకు చేర్చే బ్రేకు ఫ్లూయిడ్ కూడా మార్పించాను, అది మరిగిందంటే పెడల్ దూది మాదిరి మెత్తబడి కాలి కింద ఏమీ మిగలదు. ఇక ఒక షరతు పెట్టాను. ఈ ప్యాడ్లకు వేడెక్కితేనే పట్టు వస్తుంది, కాబట్టి ట్రాకు దగ్గర బిగించి, ఇంటికి బయల్దేరే ముందు విప్పి మామూలువి వెయ్యాలి. మునిరత్నం గారికి ఈ షరతు నచ్చలేదు. ట్రాకు దగ్గర చూద్దాంలే అన్నారు.

అనుకున్న రోజు ముగ్గురం ట్రాకుకు చేరాం. కొత్త ప్యాడ్లు బిగించి, ముందు బెడ్డింగ్ చేయించాను. అంటే కారును పూర్తిగా ఆపకుండా, గట్టిగా బ్రేకు వేసి వేగం తగ్గించడం, మళ్లీ అందుకోవడం, అలా కొన్నిసార్లు చేసి చల్లారనివ్వడం. దాంతో ప్యాడు పదార్థం డిస్కు మీద సమంగా పరుచుకుంటుంది. తర్వాత ప్యాడు మందం వెర్నియర్‌తో కొలిచి, వేడికి రంగు మారే పెయింటు డిస్కు అంచున పూసి, మొదటి విడతకు పంపాను.

కారు పొగలు కక్కుతూ తిరిగొచ్చింది. బ్రేకు పట్టింది గానీ చివరి చుట్లలో పెడల్ కొంచెం మెత్తబడిందని ప్రసూన చెప్పింది. ప్యాడు నా అంచనాకు రెండింతలు అరిగింది. మునిరత్నం గారు కుర్చీలోంచి లేచారు.

“ఏందప్పా ఇది? పొయ్యి మీద పెట్టినట్టు పొగ వస్తా ఉండాది! సాలు, బండి ఎత్తేద్దాం పాపా.”

“ఇంగొక్క తూరి నాయనా,” అని ప్రసూన ఆయన చెయ్యి పట్టుకుంది.

నాకు నా ప్యాడు మీద అనుమానం లేదు. యంత్రం మీద నిలబడింది ఇక్కడ ఎందుకు ఓడుతుంది? చల్లారాక రెండో విడతకు పంపించి, నేను పోయి పొడుగాటి దారి చివరి మలుపు దగ్గర కంచె పక్కన నిలబడ్డాను. మిగతా కార్ల వెనక ఎర్ర దీపాలు మలుపు దగ్గరికి వచ్చాక గుప్పున వెలిగి, అంతలోనే ఆరిపోతున్నాయి. ప్రసూన కారు దీపాలు చాలా దూరం నుంచే వెలిగి, మలుపు సగం తిరిగేదాకా వెలుగుతూనే ఉన్నాయి. ఓహో, ఇదా సంగతి అనుకున్నాను. నవ్వు కూడా వచ్చింది.

ఆమె కారు దిగగానే, బ్రేకు వెయ్యడం నీకెవరు నేర్పారమ్మా అని అడిగాను. ఆమె తండ్రి వైపు చూపించింది. ఆయన మీసం సవరించుకున్నారు.

“నేనే నేర్పినా. కాయ లోడు మీద అదాటున తొక్కితే అడుగు కాయంతా నలిగి రసమయిపోతాది. దూరాన్నే పట్టుకోని మెత్తగా ఆపాల. నా లారీలో ఎప్పుడూ కాయ నలగలేదు, చిత్తూరు మండీలో ఎవుర్నయినా అడిగి సూడు.”

నేను ప్రసూన వైపు తిరిగి, “అమ్మా, వెనక కాయ లేదు. ఖాళీ బండి,” అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసి పకపకా నవ్వేసింది. మునిరత్నం గారు నవ్వలేదు. ఆయన నేర్పింది తప్పని నేననలేదు, లోడు లారీకి అదే ధర్మం. ట్రాకులో మాత్రం అంతసేపు ప్యాడు డిస్కును ఒరుసుకుంటూ ఉంటే చల్లారే సందే దొరకదు. ఆలస్యంగా తొక్కు, గట్టిగా తొక్కు, వెంటనే వదిలెయ్ అని ఆమెకు చెప్పి, మూడో విడతకు పంపాను.

ఈసారి దీపాలు గుప్పున వెలిగి ఆరిపోయాయి. తిరిగొచ్చిన కారు దగ్గర పొగ లేదు. అరుగుదల నా అంచనా దాటలేదు, పెడల్ గట్టిగానే ఉంది. అలా తోలితే ఇంకా చాలా ట్రాక్ డేలు నిశ్చింతగా వస్తాయని చెప్పాను. ప్రసూన హెల్మెట్ తీసి, “ఇన్ని దినాలూ కాయ మోస్తానే ఉండా నాయనా,” అంది. మునిరత్నం గారు ప్యాడును వంగి చూశారు, ఊఁ అన్నారు, అంతే.

సాయంత్రం సన్నగా తుంపర మొదలైంది. ప్యాడ్లు మార్చడానికి నేను జాకీ తీస్తుంటే ఆయన అడ్డుపడ్డారు. ఇంత మంచి బ్రేకు పీకేసి మామూలుది వేస్తావా, తలకాయ ఉండాదా అని కేకలేశారు. నేను వాదించలేదు. కారు తాళాలు ఆయన చేతికే ఇచ్చి, ఖాళీగా ఉన్న పార్కింగులో సుద్దతో గీత గీసి, మెల్లగా వచ్చి దీని మీద ఆపండి అన్నాను.

ఆయన వచ్చారు, తొక్కారు. చల్లారిన ప్యాడు పట్టక, కారు గీత దాటి, తన పొడుగంత దూరం పోయి ఆగింది.

దిగి వచ్చి, “వాయబ్బా! ఈ బ్రేకుతో నా బిడ్డ రోడ్డెక్కి ఉంటే?” అన్నారు. చొక్కా చేతులు మడిచి, స్పానర్ తీసుకుని మొదటి చక్రం నట్లు ఆయనే విప్పడం మొదలుపెట్టారు. నాలుగో నట్టు దగ్గర, తల ఎత్తకుండానే కూతుర్ని అడిగారు.

“మళ్లా ట్రాకు తేదీ ఎప్పుడు పాపా?”

ఎక్కువకాలం మన్నే ప్యాడు ఏదని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. ఏ వేడిలో, ఎవరి కాలి కింద అని నేను తిరిగి అడుగుతాను. ఆ రోజు తర్వాత, బండి తోలే మనిషిని చూడకుండా ఏ ప్యాడు ఎంపిక నివేదిక మీదా నేను సంతకం పెట్టలేదు.