అమ్మ తల కదలకూడదు

నది అవతల పట్నంలో కంటి దవాఖాన డాక్టరు మాకు చెప్పిన మాట ఒక్కటే, అమ్మ తల కదలకూడదని. కుడికంట్లో ముదిరిన శుక్లం తీసి పట్టీ కట్టారు. కోసిన చోట కుట్లు లేవు, అది తనంతట తానే అతుక్కోవాలట. అతుక్కునేదాకా గట్టిగా దగ్గకూడదు, వంగకూడదు, బరువెత్తకూడదు, కుదుపు అసలే తగలకూడదు. ఒక్క కుదుపుతో కన్ను కారిపోవచ్చు అన్నాడాయన. అంతా ఉర్దూలో చెప్పాడు కాబట్టి నాయినకు సగమే అర్థమైంది. నాకు మొత్తం అర్థమైంది, అదీ నా ఖర్మ.

అమ్మకు మిగిలింది ఆ కన్నే. ఎడమకన్ను అంతకుముందే ఒక నాటువైద్యుడి పసరుకు పోయింది. మాది నేతపని ఇల్లు. మగ్గం మీద పోగు తెగితే వెతికి ముడెయ్యడం, కండెలకు నూలు చుట్టడం అమ్మ పని. ఆ కన్ను కూడా పోతే మగ్గం ముందు ఆమె కూర్చునే జాగా ఖాళీ అవుతుంది. ఈ మాట ఇంట్లో ఎవరమూ పైకి అనలేదు.

నేను అప్పటికి మక్తల్ వైపు ఒక వస్తానియా బడిలో, అంటే నడిమి తరగతుల బడిలో, కొత్తగా చేరిన పంతుల్ని. నిజాం రోజులు కదా, చదవడమూ చదివించడమూ ఉర్దూలోనే. సెలవు పెట్టి దవాఖానకు రాకముందు పిల్లలకు చలన సూత్రాలు చెప్తున్నాను. నిలిచి ఉన్నది నిలిచే ఉండాలని చూస్తుంది, కదిలేది కదులుతూనే పోవాలని చూస్తుంది, బయటి నుంచి ఏదో ఒక బలం తగిలితేనే ఆ స్థితి మారుతుంది. ఈ మొండితనానికి ఉర్దూలో జుమూద్ అని పేరు. పలక మీద సుద్దముక్క పెట్టి, పలకను చటుక్కున లాగి చూపించేవాణ్ణి. సుద్దముక్క పలకతోపాటు రాక అక్కడే కింద పడితే పిల్లలు నవ్వేవాళ్ళు. దవాఖానలో అమ్మ తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి కదలకుండా పడుకోబెట్టారు. ఆమె పక్కన కూర్చున్నంతసేపూ నాకు ఆ సుద్దముక్కే గుర్తొచ్చేది.

ఇంకొన్నాళ్ళు అక్కడే ఉండి ఉంటే బాగుండేది. కాని మృగశిర వచ్చింది, పైన వానలు మొదలయ్యాయి. కృష్ణ నిండితే జనాన్ని దాటించే పుట్టి నడవదని, ఇప్పుడు దాటకపోతే ఎప్పుడు ఇల్లు చేరతామో తెలియదని నాయిన తొందరపడ్డాడు. డాక్టరు మొహం చిట్లించి, పట్టీ ఎప్పుడు విప్పాలో చెప్పి, అంతవరకు ముట్టుకోవద్దని హెచ్చరించి పంపాడు. తాలూకా దవాఖాన కాంపౌండరుకు చీటీ రాసిచ్చాడు.

రైలు లేక కాదు. వంతెన మీదుగా నది దాటే రైలు ఉంది. కాని రైలు బయల్దేరేటప్పుడు జనం వెనక్కి పడటం, ఆగేటప్పుడు ముందుకు తూలడం నేను చూసినవాణ్ణే. పైగా స్టేషను నుంచి మా ఊరికి బాటంతా రాళ్ళు. పుట్టిలో అయితే నీళ్ళు మెత్తగా మోసుకుపోతాయి, దిగితే ఊరు దగ్గర. నేనే పుట్టి అన్నాను. నాయిన సరే అన్నాడు, పంతులు చెప్పాడు కదా అని.

దవాఖాన నుంచి రేవుదాకా కిరాయి బండి. బండిలో గడ్డి పరిచి, అమ్మ తలకు రెండు వైపులా నాయిన కొన్న నూలు కట్టలు పెట్టాం. నేను ఎద్దుల ముందు నడుస్తూ బాటలో రాయి కనిపిస్తే తీసి పక్కన పడేశాను. బండివాడు ఎద్దుల్ని అదిలించబోతే చెయ్యి అడ్డం పెట్టాను. ఆపాలన్నా మెల్లగా, కదపాలన్నా మెల్లగా. బండి ఆగినా లోపలి మనిషి ఆగడని వాడికి చెప్పబోయి ఊరుకున్నాను, అప్పటికే నన్ను వింతగా చూస్తున్నాడు.

లోపలినుంచి అమ్మ అంది, "ఎందుకురా గంత పరేషాన్? నేనేమన్న గాజుబుడ్డినా?"

"నువ్వు మాట్లాడకమ్మా," అన్నాను.

"మాట్లాడితె గూడ కన్ను పోతదా?" అంది. నవ్వబోయి ఆపుకుంది, నవ్వితే తల కదులుతుందని ఆమెకూ భయమే.

రేవులో పుట్టి గుండ్రంగా, వెదురు అల్లి పైన తోలు బిగించి ఉంది. ఇంత తేలికైనది చిన్న తోపుకే కదిలిపోతుంది. బరువు పెరిగితే అదే తోపుకు తక్కువ కదులుతుంది. అందుకని లోపల కొన్ని బండరాళ్ళు వెయ్యమని పుట్టివాణ్ణి అడిగాను. వాడు నావైపు, నది వైపు మార్చిమార్చి చూశాడు.

"దాటాల్నా పంతులూ, మునగాల్నా?" అన్నాడు.

రాళ్ళ సంగతి వదిలేసి నూలు కట్టలతో సరిపెట్టుకున్నాను. అమ్మను నడుమ కూర్చోబెట్టి, వెనక నేను కూర్చుని, ఆమె తలను నా రొమ్ముకు ఆనించుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. ఎదురుగా నాయిన కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు. బయల్దేరకముందే ఆయనకు ఒకటికి పదిసార్లు చెప్పాను.

"నాయినా, గడ్డకొచ్చినంక నువ్వు లెవ్వకు. పుట్టివాడు దిగి గట్టిగ పట్టుకుంటడు. ముందుగాల అమ్మను దించుకుందాం. నువ్వు లేస్తే పుట్టి ఎనక్కి తంతది."

"ఎరికైందిరా," అన్నాడు నాయిన.

నది అప్పటికే ఎర్రబారింది. పుట్టి తిరుగుతూ తిరుగుతూ పోతోంది, అది మామూలే. ఎంత మెల్లగా తిరిగినా నా చేతుల మధ్య అమ్మ తల ఒక పిసరు ఆలస్యంగా తిరిగేది. పట్టు బిగిస్తే నొప్పి, వదిలితే ముప్పు. అవతలి గడ్డ దగ్గరపడింది.

పుట్టి ఇసుకను రాసుకుని నిలిచింది. పుట్టివాడు మోకాలి లోతులో దిగి అంచు పట్టుకున్నాడు. అప్పుడు నాయిన లేచాడు.

ఆయన ఎలా లేచాడో చెప్పాలి. మా మగ్గాలు గుంత మగ్గాలు. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్ళు వేలాడేసి కూర్చుని తొక్కుతూ నేస్తారు. లేవాలంటే గుంత గట్టు మీద రెండు అరచేతులు ఆనించి, ఒళ్ళు పైకెత్తి ఒక్క ఊపున బయటికి వస్తారు. మా ఇళ్ళలో మగవాళ్ళు ఎక్కడ కూర్చున్నా అలాగే లేస్తారు, అరుగు మీదినుంచైనా, విస్తరి ముందునుంచైనా. నాయిన పుట్టి అంచు మీద రెండు అరచేతులూ వేసి, ఎన్నేళ్ళుగానో లేస్తున్నట్టే లేచాడు. గుంత గట్టు కింద భూమి అంతా ఉంటుంది. పుట్టి అంచు కింద నీళ్ళు.

అంచు ఆయన చేతుల కింద మునిగింది. నీళ్ళు లోపలికి దూకాయి. తూలిపోయిన నాయిన ఇక చేసేదిలేక గడ్డ మీదికి దూకాడు. ఆయన కాళ్ళు పుట్టిని ఎంత బలంగా తన్నాయో, పుట్టి ఆయన్ను అంత బలంగా గడ్డకు తోసింది, తాను వెనక్కి పోయింది. పుట్టివాడి చేతుల్లోంచి అంచు జారింది. పుట్టి మా కిందినుంచి వెనక్కి జరిగితే మేమిద్దరం ఉన్నచోటే ఉండబోయి ముందుకు బోర్లా పడ్డాం. పడుతూ పడుతూ అమ్మ మొహం కిందికి నా మోచెయ్యి పెట్టాను. ఆమె నుదురు నా చేతి మీద దబ్బున పడింది.

పుట్టివాడు నడుములోతు నీళ్ళలోకి వచ్చి పుట్టిని గడ్డకు ఈడ్చుకొచ్చాడు. వాడూ నేనూ అమ్మను ఎత్తి ఇసుక మీద కూర్చోబెట్టాం. నాయిన కొంచెం దూరంలో నిలబడి తన అరచేతుల్ని చూసుకుంటున్నాడు.

"ఏం కాలే," అంది అమ్మ. తర్వాత నాకొక్కడికే వినిపించేలా అంది, "పట్టీ కింద తడితడిగ అయితాందిరా."

పట్టీ బయట నది నీళ్ళు చిమ్మి తడిసే ఉంది. లోపలి తడి అదేనా, కన్నీళ్ళా, నెత్తురా, కన్నే కారిందా? విప్పి చూద్దామంటే ముట్టుకోవద్దన్నారు. వెనక్కి పోదామంటే మళ్ళీ అదే నది.

ఇంటికి చేరాక మొదలైన రోజులు నాకు ఇప్పటికీ పీడకలే. కాంపౌండరు పట్టీని బయటినుంచి చూసి, చీటీలో రాసిన రోజుకు ముందు విప్పనన్నాడు. రోజూ పొద్దున్నే అమ్మ పట్టీ రంగు మారిందేమోనని చూసేవాణ్ణి. పసుపుగా కనిపిస్తే భయం, ఎర్రగా కనిపిస్తే భయం, ఏమీ కనిపించకపోతే ఇంకా భయం. బడికి పోయి, ప్రతి తోపుకు అంతే ఎదురుతోపు ఉంటుందన్న మూడో సూత్రం చెప్పాల్సి వచ్చింది. పుస్తకంలో ఉదాహరణ, పడవలోంచి గట్టుకు దూకే మనిషి. పిల్లలు గట్టిగా చదువుతుంటే నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను.

నాయిన నెయ్యడం మానేశాడు. పోగు బిగించడానికి మగ్గం పలక కొట్టిన ప్రతిసారీ ఆ దెబ్బ నేలలోంచి అమ్మ మంచానికి పాకుతుందని ఆయన భయం. అది నేను చెప్పింది కాదు, ఆయనే కనిపెట్టాడు. సగం నేసిన చీర మగ్గం మీద అలాగే ఉంది. ఆయన గుంతలోకి దిగడు, గట్టు మీద కూర్చుని అమ్మ మంచం వైపు చూస్తుంటాడు. నాకు ఆయన మీద కోపం వచ్చేది. ఆయన మొహం చూస్తే ఆ కోపం నిలిచేది కాదు.

"మగ్గం సప్పుడు ఇనొస్తలేదేంది?" అని అమ్మ అడిగేది.

"నూలు అయిపోయింది," అనేవాడు నాయిన. నూలు కట్టలు ఆమె తల పక్కనే ఉండేవి.

చెప్పిన రోజున కాంపౌండరు సైకిలు మీద వచ్చాడు. చేతులు కడుక్కుని, పట్టీ మెల్లగా తడుపుతూ విప్పాడు. నేను గోడకు ఆనుకున్నాను. నాయిన గడప దాటి లోపలికి రాలేదు. రెప్పలు అతుక్కుపోయి ఉన్నాయి. దూదితో తుడిచి, "కన్ను తెరువమ్మా," అన్నాడు కాంపౌండరు.

అమ్మ తెరిచింది. వెలుతురుకు నీళ్ళు కారాయి. ఆమె మొహం కాంపౌండరు వైపు తిరగలేదు, నావైపు తిరగలేదు. మగ్గం ఉన్న మూలకు తిరిగింది.

"గా ఎర్రగ గుడ్డిగుడ్డిగ అవుపడేది అంచేనా?" అంది. "గింతనే ఉందేంది? నేను పోయిన్నాడు తడిమి చూస్తె ఎంతుండెనో గంతనే ఉంది. ఇన్నొద్దులు ఏం జేసినవయ్యా?"

నాయిన గడపలో కూర్చుండిపోయి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. అద్దాలు తర్వాత వస్తాయి, అవి పెట్టుకుంటే పోగులు కూడా కనిపిస్తాయి అని కాంపౌండరు చెప్తూనే ఉన్నాడు, మేమెవరమూ వినలేదు.

మరునాడు నాయిన గుంతలో దిగి నేశాడు. మధ్యాహ్నం లేవబోయి గట్టు మీద అరచేతులు పెట్టాడు. పెట్టి, వెంటనే తీసేశాడు. కొంతసేపు అలాగే కూర్చుని, చెయ్యి పైకి చాచాడు. ఎవరైనా పట్టి లేపాలని.

ఆ తర్వాత ఆయన ఎప్పుడూ గట్టు మీద చేతులు ఆనించి లేవలేదు. అమ్మ ఒంట్లో సత్తువ వచ్చాక, దళసరి అద్దాలు పెట్టుకుని, పని వదిలి వచ్చి చెయ్యి ఇచ్చేది. "ముసలోడివైనవా అప్పుడే?" అని రోజూ అడిగేది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని లేచేవాడు.

అమ్మ పోయాక కూడా మధ్యాహ్నం కాగానే ఆ చెయ్యి గుంతలోంచి పైకి లేచేది. పట్టుకోవడానికి నేనే వెళ్ళేవాణ్ణి. కాళ్ళు తన్నిపెట్టి, వెనక్కి వాలి లాగాలి. ఆయన్ను నేను ఎంత లాగితే, ఆయన నన్ను అంత కిందికి లాగేవాడు.