గొట్టమా, కోతా, కషాయమా

మా వైపు ఏ రోగం వచ్చినా ముందు పెట్టే పేరు వేడి. కళ్ళు ఎర్రబడితే వేడి, నోరు పూస్తే వేడి, మూత్రం మండితే వేడి. మిర్చి కల్లాలూ పత్తి చేలూ ఉన్న నేల, మాడు పగిలే ఎండలు, అలా అనుకోవడంలో వింతేముంది? కానీ మా నాయనకు వచ్చింది వేడి కాదు. ఆ సంగతి ఇంట్లో ఆడవాళ్ళం ముందే కనిపెట్టాం. ఆయన లుంగీలు ఉతికేది మేమే కదా! కనిపెట్టి ఏం లాభం? ఆడవాళ్ళు నోరెత్తకూడని చోట వచ్చింది రోగం.

మేము దూదేకులవాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివేది నమాజు. సాగరు కాలవ మా ఊరికి ఇంకా రాని రోజులవి. నాయన దూది ఏకే విల్లు భుజాన వేసుకుని సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవాడు. పెళ్ళివారి ఇంటి అరుగు మీద కూర్చుని విల్లు నారిని చెక్కగుండుతో కొడుతుంటే టంగుటంగుమని మోత, చుట్టూ దూది నురుగు. అలా ఏకిన దూదితో పరుపు కుట్టి ఇచ్చేవాడు. నన్ను మేనత్త కొడుక్కే ఇచ్చారు. మా అత్తిల్లూ పుట్టిల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. అందుకని నాయన ఇంట్లో పని చేసుకునే రోజుల్లో విల్లు మోత ఆగితే నాకు వెంటనే తెలిసేది.

అది మాటిమాటికీ ఆగడం మొదలైంది. నాయన లేచి దొడ్డివైపు వెళ్ళేవాడు. గోడ చాటున చాలాసేపు ఉండేవాడు. తిరిగొచ్చి విల్లు పట్టుకునేవాడు, మళ్ళీ లేచేవాడు. పరాయి ఇళ్ళలో పదిమంది ముందు అలా లేచి వెళ్ళలేక ఊళ్ళు తిరగడం మానేశాడు. అడిగితే మోకాళ్ళ నొప్పులన్నాడు. మోకాళ్ళ నొప్పులకు లుంగీలు తడుస్తాయా? నాకు ఒళ్ళు మండేది. అమ్మ మాత్రం, "ఊరుకోవే, మగాడి సంగతి నీకెందుకు" అనేది.

ఆయన్ను తినేసింది మాత్రం నొప్పి కాదు, నమాజు. నమాజుకు ముందు ముఖమూ కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకోవాలి. చుక్క మూత్రం పడితే ఆ శుద్ధి పోతుంది. నాయన వజూ చేసుకుని మసీదుకు బయల్దేరేవాడు. సందు మలుపు దాకా వెళ్ళి ఆగిపోయేవాడు. లుంగీ చూసుకుని వెనక్కి వచ్చి, మళ్ళీ కడుక్కుని, మళ్ళీ బయల్దేరేవాడు. ఈలోపు అక్కడ నమాజు అయిపోయేది. కొన్నాళ్ళకు అసలు వెళ్ళడమే మానేశాడు. నీళ్ళు తాగడం కూడా తగ్గించేశాడు. ఎండలో పెదాలు పగిలినా చెంబు ముట్టేవాడు కాదు.

అమ్మ పక్క ఊరి వైద్యుడి దగ్గర అడిగి పల్లేరుకాయల కషాయం మొదలుపెట్టింది. మొదట్లో కాస్త తేలిక అనిపించింది. తేలికైందో, అమ్మ మనసు నొప్పించలేక నాయన అలా అన్నాడో, నాకిప్పటికీ తెలియదు. గుంటూరులో పత్తి మిల్లులో పని చేసే మా అన్న ఒకసారి వచ్చి నాయన వాలకం చూసి ఊరుకోలేదు. "గుంటూరు పోదాం పద, డాక్టరుకి చూపిద్దాం" అని పట్టుబట్టాడు. నేనూ బయల్దేరాను. అన్న వద్దన్నాడు. "నీకు లుంగీలు ఉతకటం వచ్చా? అయితే నోరు ముయ్యి" అన్నాను.

డాక్టరు నన్ను బయటికి పంపి నాయనను పరీక్ష చేశాడు. వెనకవైపు నుంచి వేలు పెట్టి చూశాడట. తిరిగి లోపలికి పిలిచేసరికి నాయన గోడకేసి నిలబడి లుంగీ బిగించుకుంటున్నాడు, మా ముఖాలు చూడటం లేదు.

"ఇది వేడీ కాదు, రాయీ కాదు" అన్నాడు డాక్టరు. "ప్రోస్టేటని ఒక గ్రంథి ఉంటుంది. వయసు మీద పడ్డ మగవాళ్ళకి అది ఉబ్బి మూత్రం దారిని నొక్కేస్తుంది. ఈయనకి పెద్ద నిమ్మకాయంత అయింది. కషాయం తాగుతానంటే తాగండి, నేనొద్దనను. దానికి గడ్డ మాత్రం కరగదు. ఆపరేషనంటే పొట్ట కింద కోసి తీసెయ్యాలి. చాలా రోజులు మంచం మీద ఉండాలి, రక్తం ఎక్కించాల్సొస్తుంది, ఇంట్లోవాళ్ళు ఇవ్వాలి. చాలామంది లేచి తిరుగుతారు. కొందరు లేవరు. అబద్ధం చెప్పి కొయ్యలేను. ఇక రబ్బరు గొట్టం ఉంది. లోపలికి వేస్తే మూత్రం దాని దారిన అది సీసాలోకి వచ్చేస్తుంది. తేలికే. కానీ ఎక్కువకాలం ఉంచితే చీము పడుతుంది, చలిజ్వరాలొస్తాయి."

నాయన అప్పుడు నోరు తెరిచాడు. "అయ్యా, ఆ గొట్టం ఉంటే నమాజు చెల్లుద్దాండీ?"

డాక్టరు కలం ఆపి, నాయనను చూసి, అన్నను చూశాడు. "అది నన్నడిగితే ఎట్లా పెద్దాయనా?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. నిజంగానే తెలియదు పాపం. కానీ నాయనకు తెలుసుకోవాల్సింది అదొక్కటే.

ఇక ఇంట్లో మొదలైంది రభస. అన్నది కోత పక్షం. "తీసేస్తే పీడా పోద్ది, రక్తం నేనిస్తా" అంటాడు. కోత మాట ఎత్తితే అమ్మ చెవులు మూసుకునేది. పెద్దాసుపత్రికి నడిచి వెళ్ళి బండి మీద తిరిగొచ్చినవాళ్ళ పేర్లన్నీ వరసగా చదివేది. కషాయం గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టేది. నాది గొట్టం పక్షం. ముందు మనిషి తెరిపిన పడనీ, తర్వాత సంగతి తర్వాత అని నా వాదన. మేం ముగ్గురం అరుచుకుంటుంటే నాయన మధ్యలో కూర్చుని దూదిలో గింజలు ఏరుకునేవాడు. కోతంటే చావు భయం, గొట్టమంటే నమాజు భయం. ఏ భయమూ లేనిది కషాయమే కాబట్టి అదే తాగుతూ కూర్చున్నాడు. వెళ్ళి మసీదు పెద్దాయనను ఒక్క మాట అడగవచ్చు కదా? అడగడు! ఆ చోటు పేరు నోటితో చెప్పాలి కదా మరి, సిగ్గు.

మిరపకాయలు కల్లాల్లోకి వచ్చాయి. ఊరంతా ఘాటు, తుమ్ములు. ఒక రైతు ఇంట్లో బొంతలు కుట్టాలంటే నాయన కాదనలేక వెళ్ళాడు. వాళ్ళ కల్లం పక్కనే పాకలో కూర్చుని పగలంతా పని చేశాడు. మర్నాడు పొద్దున మంటమంట అన్నాడు. అంతే, అమ్మకు సాక్ష్యం దొరికింది. "మిరపకాయ వేడే ఇది! నే చెప్తే విన్నారా?" అని పెద్ద గిన్నెడు బార్లీ కాచింది. సబ్జా గింజలు నానబోసింది. పల్లేరు కషాయం చిక్కగా దించింది. "తాగయ్యా, ధారగా వచ్చుద్ది, వేడంతా పోద్ది" అని దగ్గర కూర్చుని తాగించింది. నాయన గ్లాసు మీద గ్లాసు తాగాడు. దారి మూసుకుపోయిన మనిషికి ఒక్కసారిగా అన్ని నీళ్ళు పట్టించకూడదని మాకెవరూ చెప్పలేదు. గుంటూరు డాక్టరు అంత వివరంగా చెప్పినవాడు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేది!

మధ్యాహ్నానికి చుక్క కూడా రాకుండా బిగుసుకుపోయింది. పొత్తికడుపు కుండలా లేచింది. కూర్చోలేడు, పడుకోలేడు, గుంజ పట్టుకుని వంగి నిలబడ్డాడు. చెమటలు. "ఓ అల్లా, ఓ అమ్మా" అని కేకలు. మా ఆయన ఎడ్లబండి కట్టించాడు. గతుకు వచ్చినప్పుడల్లా నాయన నా చెయ్యి పట్టుకుని నలిపేసేవాడు. చచ్చిపోతాడనే అనుకున్నాను. అమ్మ బండి వెనక నడుస్తూ, "నేనే తాగించా, నేనే తాగించా" అని తల బాదుకుంటోంది.

సత్తెనపల్లి ఆసుపత్రిలో గొట్టం వేశారు. కాసేపటికి నాయన గుమ్మంలో ఉన్న నన్ను పిలిచాడు. ముఖం నిండా నీళ్ళు. "అమ్మాయ్, బతికానే" అన్నాడు. నాయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

అన్న పరుగున వచ్చాడు. గొట్టంతో ఇంటికి తీసుకెళ్ళండి, కాస్త కోలుకోగానే గుంటూరులో ఆపరేషను చేయించండి, ఆలస్యం వద్దు అన్నారు ఆసుపత్రిలో. నాయన కూడా తలూపాడు. ఇంటికి చేరాక మసీదులో నమాజు చదివించే పెద్దాయన చూడటానికి వచ్చాడు. నాయనా ఆయనా చిన్నప్పటి జతగాళ్ళు. నాయన గోడవైపు తిరిగి, గొట్టం సంగతీ చుక్కల సంగతీ చెప్పి, ఎట్టకేలకు ఆ మాట అడిగాడు.

"ఒరేయ్, దీనికా ఇన్నాళ్ళు మసీదు మానేశావు?" అన్నాడు పెద్దాయన. "ఆగకుండా కారే జబ్బున్నోడికి మినహాయింపు ఉందిరా. ప్రతి నమాజు వేళకీ కొత్తగా వజూ చేసుకో. ఆ తర్వాత కారినా నీ నమాజు నీకు చెల్లుద్ది. అల్లాకు తెలీదంట్రా నీ రోగం?"

నాయన నవ్వాడు. ఎన్నాళ్ళకో నవ్వాడు. పెద్దాయన కాళ్ళు పట్టుకోబోతే ఆయన కసిరాడు. నేను వాకిట్లో నిలబడి ఆ పెద్దాయనకు మనసులో ఎన్ని దండాలు పెట్టుకున్నానో!

ఆ సంతోషమే మా కొంప ముంచింది. "నమాజుకి అడ్డం లేనప్పుడు ఇంక కోతెందుకురా?" అన్నాడు నాయన. అన్న నెత్తి కొట్టుకున్నాడు. "నమాజు చెల్లుద్దన్నాడు నాయనా, ప్రాణం నిలబడుద్దని చెప్పలేదు! ఎక్కువ రోజులుంటే చీము పట్టుద్దని డాక్టరు చెప్పాడా లేదా?" అమ్మ నాయన వైపు. గొట్టమే మేలని మొన్నటిదాకా అరిచిన నేను ఇప్పుడు అన్న వైపు. ఎవరు చెప్పినా వినలేదు. చుక్కలు చూసుకుంటూ సందు మలుపులో నిలబడిపోయిన మనిషికి మసీదు దాకా వెళ్ళే దారి దొరికింది, ఇంకేం వింటాడు?

పరుపులు కుట్టే చారల గుడ్డతో సీసాకి సంచి కుట్టుకున్నాడు. దాన్ని లుంగీ కింద కట్టుకుని వెళ్ళి, చివరి వరసలో గుమ్మం పక్కన నిలబడేవాడు. విల్లు మోత మళ్ళీ వినపడింది. గొట్టాలు రెండు ఉండేవి. ఒకటి ఒంట్లో ఉంటే రెండోది అమ్మ సత్తు గిన్నెలో మరిగించి, ఉతికిన గుడ్డలో చుట్టి పెట్టేది. సత్తెనపల్లి నుంచి కాంపౌండరు సైకిలు మీద వచ్చి మార్చి వెళ్ళేవాడు. ఆ గిన్నెను అమ్మ ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. కూతుర్ని, నాకు కూడా ఇచ్చేది కాదు. అవి మంచి రోజులే, కాదనను.

వానలు పడేసరికి చలిజ్వరం పట్టుకుంది. సూదులు వేయించాం, తగ్గింది. మళ్ళీ వచ్చింది. పళ్ళు టకటక కొట్టుకునేలా వణికేవాడు. అప్పుడు కోతకు సరేనన్నాడు. జ్వరం దిగితేనే కోస్తాం అన్నారు గుంటూరులో. దిగలేదు. గోనెపట్ట మీద పడుకుని ఉంటే, కనీసం పరుపు మీద పడుకో నాయనా అని బతిమాలాను. "తడిసి పాడవుద్ది, ఎవరి పెళ్ళికో పోవాల్సింది" అన్నాడు. ఆ జ్వరంలోనే పోయాడు. అన్న మాట వినుంటే బతికేవాడా, కోత బల్ల మీదే పోయేవాడా? ఎవరిని తిట్టాలో తెలియక ఆ రోజు అందరినీ తిట్టాను. ఓదార్చడానికి వచ్చిన పెద్దాయనను కూడా. ఆయన తల దించుకుని విన్నాడు.

మగవాళ్ళు తడిక కట్టి నాయనకు స్నానం చేయించారు. అన్న బయటికి వచ్చి, గొట్టాన్ని గుడ్డలో చుట్టి అమ్మ చేతిలో పెట్టాడు. ఎక్కడ పారెయ్యాలో వాడికి తోచలేదేమో. నాయనను తీసుకెళ్ళారు. చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు మాలో, అన్నం చుట్టాలే తెస్తారు. అలాంటిది కాసేపటికి వంటపాకలోంచి పొగ వచ్చింది. "ఎవరే ఆ పొయ్యి వెలిగించింది? బుద్ధుందా?" అని ముసలమ్మలు కేకలేశారు. నేను కోపంగా పరిగెత్తాను.

అమ్మ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉంది. సత్తు గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో గొట్టం.

"ఏం పనమ్మా ఇది?" అన్నాను.

"రేపు కాంపౌండరు వస్తాడుగా" అంది, పుల్ల ఎగదోస్తూ. "మరిగాక తీస్తా."

పొయ్యి ఆర్పడానికి చెయ్యి రాలేదు నాకు. పక్కన కూర్చున్నాను. నాయనను మట్టి చేసి తిరిగొచ్చిన అన్న గుమ్మంలో నిలబడి చూసి, వాడూ వచ్చి కూర్చున్నాడు. నీళ్ళు మరిగేదాకా ముగ్గురం అక్కడే ఉన్నాం.