వేడి తెలియని చెయ్యి

హోసూరు దగ్గర ఒక కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు అటెండరుగా చేరినప్పుడు నాకు అక్షరాలు రావు. సీసాల మీది పేర్లు చదవలేకపోతే ఆ గదిలో నిలవలేనని, నడివయసు దాటాక చదవడం నేర్చుకున్నాను. గాజు పని మాత్రం చదువు కంటే ముందే వచ్చింది. అప్పటి పెద్ద అటెండరు నేర్పాడు. గొట్టం మీద ఆకురాయితో ఒక్కటే గీత గీయాలి. గుడ్డ చుట్టి, బొటనవేళ్లు రెండూ గీతకు వెనక ఆనించి విరవాలి. విరిగిన అంచును మంటలో తిప్పితే కరుకుదనం పోయి నున్నబడుతుంది.

"గాజులు తొడిగే చేతులు గదమ్మా ఇవి, గాజు వంచేదానికి పనికొస్తాయా?" అని మొదట్లో ఎగతాళి చేసేవాడు. కొన్నాళ్లకు ఆ మాట మానేశాడు.

కాలే గాజూ చల్లని గాజూ చూడ్డానికి ఒకటేనని, ముట్టుకునే ముందు చేతి వెనకవైపు దగ్గరగా పెట్టి సెగ చూడాలని ఆయన అస్తమానం చెప్పేవాడు.

షుగరు వచ్చాక నా చేతులు మొద్దుబారాయి. ముందు చీమలు పాకినట్టు ఉండేది, తర్వాత అదీ లేదు. ఒక ప్రాక్టికల్ రోజు, మంటలోంచి తీసి చల్లారడానికి పెట్టిన గొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూశాను. సెగ లేదనుకుని పట్టుకున్నాను. చర్మం కాలిన వాసన నాకంటే ముందు పక్కనున్న విద్యార్థినికి తెలిసింది. ఆ పిల్లే నా చేతిని కొళాయి కిందికి లాగింది.

కట్టు విప్పాక, ల్యాబు చూసుకునే కెమిస్ట్రీ మేడం పిలిచింది. బల్ల మీద రెండు గొట్టాలు పెట్టింది. ఒకటి అప్పుడే మంటలోంచి తీసిందట.

"ఏది వేడిగా ఉండాదో చెప్పమ్మా. చెప్తే ఎప్పటిమాదిరే ఈ పనే చేసుకో."

చెయ్యి రెండింటి మీదా తిప్పాను. తేడా ఏమీ లేదు. మా ఇళ్లలో దూడకు జ్వరమో కాదో చూడాలంటే దాని చెవికి చెంప ఆనిస్తాం, చేతిని నమ్మం. అలాగే వంగి చెంపను గొట్టం దగ్గరికి తీసుకుపోయాను. ఆమె నా భుజం పట్టి వెనక్కి లాగింది.

"ఏం చేస్తుండావమ్మా?"

"చెంపకు తెలుస్తాది మేడం. చెయ్యి పోతే పోనీ."

"దినామూ మొగం పెట్టి చూస్తావా? అదీ కాల్చుకుంటే?"

నేను ఎడమ వైపుదాన్ని చూపించాను. ఆమె దాన్ని వట్టి వేళ్లతో ఎత్తి ట్రేలో పెట్టేసింది. మర్నాటి నుంచి నన్ను వరండాలు ఊడవడానికి మార్చారు.

స్పర్శ తిరిగొస్తే మళ్లీ లోపలికి తీసుకుంటానని మేడం మాటిచ్చింది. ఆ ఆశతోనే కృష్ణగిరి ఆస్పత్రికి పోయాను. మందులు వాడితే ఇంకా ముదరకుండా ఉంటుందేమో గానీ, పోయింది రాదన్నాడు డాక్టరు. మళ్లీ అడిగాను. మళ్లీ అదే అన్నాడు.

మా ఊరు కుందారపల్లికి మధ్యాహ్నం బస్సులో తిరిగొచ్చాను. కిటికీ కమ్మీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. నా పక్కనామె కమ్మీ పట్టుకోబోయి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని నా వైపు చూసింది. అప్పుడు నేనూ తీశాను.