లిఫ్టక్క సంతకం

నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపు పైపట్టీ విప్పి, తాళం డబ్బాను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి చూపుడువేలితో లోపలి రాగి నాలుకను తడిమింది లిఫ్టక్క. నల్లగా మాడిపోయి ఉంది. డబ్బా అంచు లోపలికి నొక్కుకుపోయింది. ఎవరో సామాన్ల తోపుడుబండితో తలుపును గుద్దారు. గుద్దినవాడు చెప్పడు, చూసినవాడు చూడలేదంటాడు. అన్ని అంతస్తుల తలుపులూ మూసుకున్నాయని ఈ రాగి నాలుకలు చెబితేనే లిఫ్టు కదులుతుంది. నాలుగో అంతస్తు నాలుక పలకడం మానేసింది. ఆసుపత్రి మొత్తానికి స్ట్రెచర్ పట్టే లిఫ్టు అదొక్కటే. అది రెండో అంతస్తులో బిగుసుకుని కూర్చుంది.

ఆపరేషన్ థియేటరు నాలుగో అంతస్తులో ఉంది. కింద, అత్యవసర విభాగంలో, తలకు దెబ్బ తగిలి మగతగా పడి ఉన్నది టైలరమ్మ. లిఫ్టక్క, టైలరమ్మ పందొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఆమె పైకి రావాలంటే రెండు కావాలి: లిఫ్టు, సంతకం. మొదటిది లిఫ్టక్క చేతిలో ఉంది. రెండోది లేదు.

ఉదయం ఏడింటికి టైలరమ్మ అటక మీది గుడ్డల మూట తీయబోయి స్టూలు మీంచి పడింది. పడ్డాక నవ్వింది కూడా. ఇంట్లో ఒక లిఫ్టు పెట్టవే అని మొత్తుకుంటే విన్నావా అంది. అరగంటలో మాట ముద్దయింది. రెండుసార్లు కక్కుకుంది. ఎనిమిదిన్నరకి ఆసుపత్రిలో ఉన్నారు. స్కానింగు చూసిన సర్జను పుర్రె లోపల రక్తం పేరుకుంటోందని, మధ్యాహ్నంలోపు తీసేయాలని చెప్పాడు. ఆ తర్వాత ఆఫీసు మేనేజరు ఒక కాగితం తెచ్చాడు.

ఆ మేనేజరుకి లిఫ్టక్క కొత్త కాదు. పన్నెండేళ్ళుగా నెలకోసారి లిఫ్టు పుస్తకం తెచ్చి ఆమె చేత సంతకం పెట్టించుకునేది ఆయనే. ఆ సంతకం లేకపోతే ఇన్‌స్పెక్టరు లిఫ్టుకి సీలు వేస్తాడు.

"పేషెంటుకి మీరేమవుతారు?" అని అడిగాడు.

"కలిసుంటాం."

"అది కాదమ్మా. సంబంధం."

"పందొమ్మిదేళ్ళు."

"అవి సంవత్సరాలు. నేను సంబంధం అడుగుతున్నాను. రక్తసంబంధం గానీ, పెళ్ళి సంబంధం గానీ."

"మరి నేనెవర్ని సార్? దారినపోయే దానయ్యనా?"

మీరంటే నాకు చాలా గౌరవమమ్మా అన్నాడాయన. ఆ మాటకి లిఫ్టక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. గౌరవానికి ఆ కాగితంలో గడి లేదు. టైలరమ్మ కన్నవాళ్ళు పోయారు, ఉన్నది ఒక తమ్ముడు. అతనికి లిఫ్టక్కే ఫోను చేసింది. వస్తున్నానన్నాడు, మూడు గంటలు పడుతుందన్నాడు. సొంత తమ్ముడు దారిలో ఉండగా ఇంకొకరి చేత పెట్టించలేమని మేనేజరు తేల్చేశాడు. ఒంటిగంట దాకా చూస్తాను, ఆ తర్వాత ఎవరొచ్చినా రాకపోయినా మొదలుపెడతానని సర్జను చెప్పాడు.

ఆమె ఆ కాగితం పట్టుకుని హాల్లో కూర్చుంది. ఎదురుగా గోడ మీద టీవీ. ఆడవాళ్ళు ఆడవాళ్ళనీ మగవాళ్ళు మగవాళ్ళనీ పెళ్ళి చేసుకోవచ్చని చట్టం తేవాలా వద్దా అని ఆ నెలంతా అందులో రచ్చ నడుస్తోంది. ఇస్త్రీ కోటు వేసుకున్న ఒకాయన చేతులు ఊపుతూ, "వద్దన్నదెవరండీ, కలిసుండమనండి. కాగితం ఒక్కటి లేకపోతే ఏం మునిగిపోయింది?" అన్నాడు. పక్కనున్నావిడ ప్రేమకి హద్దుల్లేవని మొదలుపెట్టింది. లిఫ్టక్కకి ఇద్దరి మీదా ఒకటే కోపం వచ్చింది. ప్రేమ సంగతి వీళ్ళనెవరడిగారు? లోపల మనిషి మునిగిపోతోంది. సంతకం సంగతి చెప్పమనండి.

కానీ కోటాయన మాట ఆమెను కుర్చీలో కూర్చోనివ్వకపోవడానికి కారణం వేరే ఉంది. సరిగ్గా అదే మాట రెండేళ్ళ కిందట ఆమె నోట్లోంచి వచ్చింది.

లిఫ్టక్క ఏ బడిలోనూ పని నేర్చుకోలేదు. ఇరవై రెండేళ్ళ వయసులో ఇనుప తాళ్ళ చుట్టలు మోయడానికి కూలికి వచ్చింది. మోస్తూ మోస్తూ చూసింది, చూస్తూ చూస్తూ చెయ్యి పెట్టింది. పేపరు చదవడం కన్నా ముందు వైరింగు బొమ్మ చదవడం వచ్చింది. మొదట్లో జనం ఆమెను దాటుకుని తొంగిచూసి మెకానిక్ ఏడమ్మా అని అడిగేవాళ్ళు. లిఫ్టు గోతిలో పడ్డాడండీ, మీరూ దిగండి, వెతుకుదాం అనేది. ఆమెను కూలికి పెట్టుకున్న పెద్దమేస్త్రి చనిపోతూ ఆమెకి ఇచ్చింది ఒక పాత స్క్రూడ్రైవరు, ఒక మాట. నీ చెయ్యి ముట్టనిదానికి నీ సంతకం పెట్టకు. ముప్ఫై ఏళ్ళలో ఆమె ఆ మాట తప్పలేదు.

టైలరమ్మ దగ్గరికి మొదటిసారి వెళ్ళింది మగవాళ్ళ ప్యాంటు ఒకటి కురచ చేయించుకోవడానికి. ఎందుకని టైలరమ్మ అడగలేదు. పనిముట్లన్నీ బల్ల మీద పరవమంది. ఒక్కోదాని పొడవూ మందం టేపుతో కొలిచి, దేనికి దానికి జేబు కుట్టింది. స్క్రూడ్రైవరుకి ఒకటి, స్పానర్లకి ఒకటి, కరెంటు చూసే టెస్టు దీపానికి ఒకటి. ఇంత సామాను మోసేదానివి, జేబులు మాత్రం ఊరికే చేతులు పెట్టుకునేవాళ్ళ కొలతకి ఎందుకే అంది. నాలుగో ప్యాంటు కుట్టేనాటికి లిఫ్టక్క ఆ కొట్టు మీది రెండు గదుల్లోకి మారింది. వీధిలో కొందరు అక్కచెల్లెళ్ళా అని అడిగేవాళ్ళు. తెలిసినవాళ్ళు అడగలేదు.

రెండేళ్ళ కిందట ఆ చట్టం కావాలని సంతకాలు సేకరిస్తూ కొందరు కొట్టుకి వచ్చారు. టైలరమ్మ వెంటనే పెట్టింది. లిఫ్టక్క పెట్టలేదు. నేను చేతులు పెట్టి చూసినదానికే సంతకం పెడతాను, ఊరేగింపులకి పెట్టను అంది.

వాళ్ళు వెళ్ళాక టైలరమ్మ కత్తెర కింద పెట్టి, "నీ సంతకం లిఫ్టులకేనా? నాక్కాదా?" అంది.

"తలుపుకి గొళ్ళెం ఉంది. గూట్లో దువ్వెనలు రెండున్నాయి. కాగితం ఒక్కటి లేకపోతే ఏం మునిగిపోయిందే?"

టైలరమ్మ కత్తెర మళ్ళీ అందుకుంది. ఆ వారం కుట్టిచ్చిన కొత్త ప్యాంటులో టెస్టు దీపం జేబు మూతి కుట్టేసి ఇచ్చింది. కుట్టినదానివి నువ్వే విప్పు అని లిఫ్టక్క. సంతకం పెట్టిననాడు విప్పుతాను అని టైలరమ్మ. ఇద్దరూ మొండి ఘటాలే. రెండేళ్ళయినా ఆ జేబు అలాగే ఉంది.

ఈరోజు ఒంటి మీదున్నది ఆ ప్యాంటే. హాల్లో ఉండగానే పదింటికి లిఫ్టు ఆగింది. పరుగెత్తుకొచ్చిన మేనేజరు ఆమెను చూసి, దేవుడిలా దొరికారమ్మా అన్నాడు. గంట కిందట ఏమీ కాని మనిషి గంటలో దేవుడైపోయింది. ఆమె ఇంటికి వెళ్ళి పనిముట్ల సంచీ తెచ్చుకుంది.

ఇప్పుడు టెస్టు దీపం కోసం చెయ్యి అలవాటుగా ఆ జేబు మీదికే పోయింది. కుట్టు తగిలింది. పళ్ళు బిగించి, దీపం సంచీలోంచి తీసింది. మాడిన నాలుక విప్పి కొత్తది వేసింది. డబ్బా అంచును చెక్కముక్క అడ్డుపెట్టి సుత్తితో మెల్లగా పైకి కొట్టసాగింది.

పదకొండున్నరకి మేనేజరు మెట్లెక్కి వచ్చాడు. కింద ముగ్గురు పేషెంట్లు ఆగి ఉన్నారన్నాడు. "ఒక వైరుముక్క అడ్డం పెట్టేసి నడిపితే పోలా? మీకన్నా ముందు ఎవరో అలాగే నడిపారు."

అలా చేస్తే తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు కదులుతుంది. అడుగు లోపల పెట్టినవాడు సగం లోపల, సగం బయట ఉంటాడు. ఆమె సుత్తి దించి ఆయన వైపు తిరిగింది.

"పొద్దున నాకు రూలు చెప్పారు సార్, నేను విన్నాను. ఇప్పుడు నేను చెబుతున్నాను, మీరు వినండి."

"అదీ ఇదీ ఒకటేనా అమ్మా?"

"కాదు. నా రూలుకి మనుషులు బతుకుతారు."

ఆయన కిందికి వెళ్ళిపోయాడు. పన్నెండుకి లిఫ్టు కదిలింది. ఖాళీగా పైకీ కిందికీ రెండుసార్లు తిప్పింది. నాలుగో అంతస్తులో గడప కన్నా ఒక వేలెడు కిందికి ఆగుతోంది. మేనేజరు మళ్ళీ వచ్చి, నడుస్తోంది కదా, వేలెడు తేడాకి ఏమవుతుందన్నాడు. తల లోపల రక్తం ఉన్న మనిషి మంచం చక్రం ఆ వేలెడు ఎక్కాలి సార్ అంది. లిఫ్టు కప్పు మీదికెక్కి, ఎక్కడ ఆగాలో లిఫ్టుకి చెప్పే రేకును గోడ పట్టాలో ఒక వెంట్రుకవాసి జరిపింది. ఆపి చూసింది. మళ్ళీ జరిపింది. మూడోసారికి గడప మీద అరచెయ్యి ఆనించి ఇటు నుంచి అటు రాసింది. ఎక్కడా తగల్లేదు.

కిందికి వచ్చేసరికి పన్నెండున్నర. తమ్ముడు వచ్చాడు. పదకొండేళ్ళ తర్వాత చూడటం. తల్లి పోయిననాడు, నువ్వొక్కదానివే రా, ఆవిడని తీసుకురాకు అని అక్కకి ఫోనులో చెప్పినవాడు. జుట్టు నెరిసింది. చెడ్డవాడిలా లేడు. అదే ఆమెకి ఇంకా మండింది. చెడ్డవాడైతే తిట్టడం తేలిక.

సర్జను కాగితం ముందుపెట్టుకుని అతన్ని అడగడం మొదలుపెట్టాడు. ఏవైనా మందులు పడవా? రోజూ ఏం మాత్రలు వేసుకుంటుంది? కట్టుడు పళ్ళున్నాయా? పొద్దున ఏం తిన్నది? అక్కకి రక్తపోటు ఉందన్న సంగతే అతనికి తెలియదు. లిఫ్టక్క చెప్పింది. మాత్ర పేరు, ఆరేళ్ళుగా వేసుకుంటోందని. నాలుగేళ్ళ కిందట ఒళ్ళంతా దద్దుర్లు తెచ్చిన ఇంజక్షను చీటీ పర్సులోంచి తీసి ఇచ్చింది. పైవరసలో ఎడమవైపు రెండు పళ్ళు కట్టుడువి, తీసేయాలంది. ఒక గ్లాసు పాలు తాగింది, అవీ కక్కేసిందంది. సర్జను ఆమె చెప్పిందంతా రాసుకుని, పెన్ను తమ్ముడికిచ్చాడు.

అతను సరాసరి కాగితం అడుగుకి వెళ్ళిపోయాడు.

"ఆగు," అంది లిఫ్టక్క. "చదివి పెట్టు."

"టైమవుతోంది కదండీ."

"పది లైన్లే. చదవనిదానికి సంతకం పెట్టకూడదు."

చదివాడు. "ఇందులో ఉన్నదంతా మీరు చెప్పిందే," అన్నాడు.

"అవును. నీ పేరు మీద."

"నేనేం చెయ్యనండీ, చట్టం అలా ఉంది."

"చట్టం నువ్వు చెయ్యలేదు తమ్ముడూ. ఆ రోజు తలుపు మూసింది మాత్రం నువ్వే."

అతను తల వంచుకుని సంతకం పెట్టాడు. ఆమె ఆ సంతకాన్ని తలకిందులుగానే చూసింది. పొట్టి సంతకం. రెండు క్షణాలు పట్టింది. దానికోసం నాలుగు గంటలు ఆగారు.

స్ట్రెచరు లిఫ్టు దగ్గరికి రాగానే, ఇక్కణ్ణించి బంధువు ఒక్కరే అని నర్సు చెయ్యి అడ్డం పెట్టింది. లిఫ్టక్క మెడలోంచి లిఫ్టు తాళంచెవి తీసి చూపించింది.

"రిపేరు తర్వాత మొదటి లోడు మెకానిక్ లేకుండా వెళ్ళకూడదు. సార్ని అడుగు."

నర్సు మేనేజరు వైపు చూసింది. మేనేజరు గోడ వైపు చూశాడు. ఆమె లోపలికెక్కి, టైలరమ్మ తల పక్కన నిలబడి మీట నొక్కింది. నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకుంది. చక్రాలు గడప దాటిన చప్పుడే వినిపించలేదు. టైలరమ్మ కనురెప్ప కూడా కదలలేదు. థియేటరు తలుపు మూసుకుంది.

రెండింటికి మేనేజరు లిఫ్టు పుస్తకం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. పరీక్ష ఇంకా అవలేదంది. ఎక్కించిన లోడు దింపితేనే అయినట్టు. అంతవరకు లిఫ్టు నాదే. మీ పనులేవీ ఆగవు, అందరినీ నేనే తిప్పుతాను అంది. అలాగే తిప్పింది. పేషెంట్లను, భోజనాల బళ్ళను, దుప్పట్ల మూటలను ఎక్కించి దింపింది. కింద తలుపు తెరుచుకున్నప్పుడల్లా హాల్లో టీవీ ఒక ముక్క లోపలికి పడేది. సంప్రదాయం ఏం కావాలి అని ఒకసారి. ఓపిక పట్టాలి, సమాజం ఇంకా సిద్ధంగా లేదు అని ఇంకోసారి. ఓపిక అన్న మాట విన్నప్పుడు ఎక్కాల్సినవాళ్ళు ఇంకా ఇద్దరుండగానే ఆమె తలుపు మూసేయబోయి, ఆగి, మళ్ళీ తెరిచింది.

నాలుగింటికి సర్జను బయటికి వచ్చి, బంధువులెవరని అడిగాడు. తమ్ముడు లేచాడు. రక్తం తీసేశామని, గండం గడిచిందని, రేపటికి మాట వస్తుందని సర్జను అతనికి చెప్పాడు. లిఫ్టక్క రెండడుగుల దూరంలో లిఫ్టు గుమ్మంలో నిలబడి అంతా విన్నది. అయినా తమ్ముడు ఆమె వైపు తిరిగి ఆ మాటలన్నీ మొదటి నుంచీ మళ్ళీ చెప్పాడు. ఆమె చివరిదాకా విని, సరే అంది.

కట్టు కట్టిన తలతో టైలరమ్మ స్ట్రెచరు మీద వచ్చింది. లిఫ్టక్క ఆమెను వార్డున్న రెండో అంతస్తుకి దించింది. అక్కడి గడపనీ చక్రాలు చప్పుడు లేకుండా దాటాయి. మేనేజరు పుస్తకంతో కాచుకుని ఉన్నాడు. ఆమె తేదీ వేసింది. ఏం పోయింది, ఏం మార్చింది రాసింది. లోడుతో పైకి సరి, లోడుతో కిందికి సరి అని రాసి, పరీక్షించినవారు అన్నచోట తన పొడవాటి సంతకం పూర్తిగా, ఒక్క అక్షరం మింగకుండా పెట్టింది.

పుస్తకం మూసి ఆయన ముందుకి చాపింది.

"ఈ సంతకం చెల్లుతుంది కదా సార్?"

ఆయన పుస్తకం తీసుకున్నాడు.