పాప వాటా నీళ్ళు

అరవైల చివర వచ్చిన కరువులో, సరిగ్గా నాకు పాప పుట్టిన నాడే, మంచినీళ్ళ బావికి కట్టుబాటు పెట్టారని, మనిషికి రోజుకు ఒక్క బిందే ఇస్తారని నాకు మొదట చెప్పింది మా ఆడపడుచు. పదకొండో నాటి పురుడు శుద్ధిలో తలంటులకూ, మైలబట్టలకూ, ఇల్లు కడగడానికీ నీళ్ళేవి? పురుడు ఆగితే బిడ్డకు ఉయ్యాలా లేదు, పేరూ లేదు.

బావికి పంచాయతీ పెట్టిన కాపలా ముసలాయన ఊరి కోడళ్ళందరికీ మావ. బిందె నిండగానే ఆ నీటిని కళ్ళకద్దుకుని "గంగమ్మ సూస్తన్నాది" అనేవాడు. సొంత భార్యకైనా చెంబెడు ఎక్కువ ఇవ్వలేదు.

పురుడు నాడు మా అత్త వెళ్ళి బతిమాలింది.

"మీ ఇంట ఎంతమందే?"

"తెలీనట్టు అడుగుతావేటి బావా, నలుగురం."

"నీ మతి మండ! అయిదుగురు. పిల్ల పుట్టి పదకొండు రోజులైనాది. దాని వాటా ఒక్కనాడైనా పట్టుకెల్లారేటి? అంతా బావిలోనే ఉన్నాది, తోడుకోండి!"

వరసలోని ఆడవాళ్ళు పకపకా నవ్వి, పాప వాటాను తలో బిందె తోడి తెచ్చి మా వాకిట్లో దించారు. ఆ నీళ్ళకు నా బిడ్డ కాళ్ళు తపతపా కొడుతుంటే కూర్మనాథుడికి మొక్కుకున్నాను.

ఆయన పేరు నేను అడగనే లేదు. మీ ఇంట పసివాళ్ళకు నీళ్ళు పోసేటప్పుడు, పుట్టిన నాటి నుంచే వాళ్ళనూ మనుషుల్లో లెక్కవేసిన ఆ మావను ఒక్కసారి తలుచుకోండి.