ఆడని మ్యాచ్ సాక్ష్యం కాదు

ఆ రోజుల్లో నాకు ఎవరిమీదా నమ్మకం ఉండేది కాదు. అదొక గొప్ప గుణమని మాత్రం గట్టిగా నమ్మేవాణ్ణి. (ఆ ఒక్క నమ్మకాన్ని అనుమానించాలని తోచలేదు.) కాలేజీలో మూడేళ్లపాటు చర్చావేదిక ఎక్కి ముహూర్తాలను, తాయెత్తులను, వాస్తును చీల్చి చెండాడినవాణ్ణి. ఎవరేం చెప్పినా "రుజువేది?" అనడం నాకు ఊతపదం. దాంతో స్నేహితులు నా అసలు పేరు మరిచి "రుజువుగాడు" అని పిలవసాగారు. ఆ పేరు నాతోపాటే విమానమెక్కి ఖతర్ చేరింది. రాస్ లఫాన్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రాయింగుల కాగితాలు చూసే ఉద్యోగం. వారానికి ఆరు రోజులు డ్యూటీ, శుక్రవారం సెలవు. అనుమానించడానికి ఆ ఒక్కరోజూ నాకు చాలేది కాదు.

ప్రపంచ కప్పు ఖతర్‌కు వస్తుందన్న కబురు అప్పటికింకా కొత్త. పుట్టి బుద్ధెరిగి బంతిని కాలితో తన్నని మనవాళ్లంతా రాత్రికి రాత్రి ఫుట్‌బాల్ పండితులైపోయారు. అలా పుట్టిందే "కాలేజీల కప్పు". ఏ కాలేజీ పాత విద్యార్థులు ఆ కాలేజీ జట్టు. మొత్తం తొమ్మిది జట్లు, అందులో మా కాలేజీదీ ఒకటి, నేనూ ఆడేవాణ్ణి. చలికాలం శుక్రవారాలు తక్కువ, అందరి షిఫ్టులూ కలవవు కాబట్టి ఒక్కో జట్టుకు నాలుగే మ్యాచ్‌లు. అందులోంచి నాలుగు జట్లు సెమీఫైనల్‌కు వెళ్లాలి. లీగు మ్యాచ్‌లన్నీ మట్టిలో, కంకరలో. సెమీఫైనల్, ఫైనల్ మాత్రం పచ్చగడ్డి పరిచిన అసలైన మైదానంలో.

ఆ నాలుగు జట్లను ఎంపిక చేసేది ముగ్గురు పెద్దమనుషుల కమిటీ. ఐన్ ఖాలిద్ అనే పేటలో ఒక అంకుల్ ఇంట్లో వాళ్లు సమావేశమయ్యేవారు. గ్యాస్ కంపెనీలో పెద్ద ఉద్యోగి ఆయన, మనసులో మాట దాచుకోని కాకినాడ మనిషి. సమావేశం ఎప్పుడూ పెసరట్టుతో మొదలయ్యేది కాబట్టి ఆయన మాకు పెసరట్టు అంకుల్. ఎంపిక ఎలా చేస్తారని అడిగితే, "ఎవరు బాగా ఆడుతున్నారో కళ్లకి కనపడదేంటోయ్?" అనేవాడు. నా దృష్టిలో ఈ కమిటీ పంచాంగానికి తోబుట్టువు. గ్రహాలు చూసి చెప్పినా, పెసరట్టు తిని చెప్పినా, రుజువు చూపనిది మూఢనమ్మకమే కదా!

నా అనుమానానికి ఆధారం కూడా ఉంది. ఆ తొమ్మిదింటిలో ఒకటి ఐటీఐ జట్టు. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపుల్లో ఉండే వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, ఫిట్టర్లు. అసలు "ఐటీఐ కాలేజీ కిందికొస్తుందా?" అని మొదటి ఏడు రెండు గంటల చర్చ జరిగింది (వస్తుందని వాదించి గెలిచింది నేనే. ఈ సంగతి ఇప్పటికీ అవసరం లేనిచోట కూడా చెబుతుంటాను). అంతకుముందు ఏడు వాళ్లు నాలుగుకు నాలుగూ గెలిచారు. అయినా కమిటీ "చిన్న జట్ల మీద గెలిచారు" అని పక్కన పెట్టింది. వాళ్ల కెప్టెన్ జగిత్యాల వైపు వెల్డరు, మేం జగిత్యాల అన్న అనేవాళ్లం. నేను చెబుతున్న ఏడాదితో ఆయన కాంట్రాక్టు అయిపోతుంది. సెమీఫైనల్ అయిన రెండు రోజులకే టికెట్టు. ఒకసారి నాతో అన్నాడు:

"పదకొండేండ్ల సంది దుమ్ములనే ఆడుతున్న సార్. ఒక్క మ్యాచ్ గడ్డి మీద ఆడి పోతే సాలు. ఊర్ల పోరగాండ్లకు చెప్పుకోవాలె గద, దుబాయ్‌ల ఏం జేసినవే అంటే."

"మీరు ఉండేది ఖతర్ కదా అన్నా?"

"మా ఊర్ల అన్నిటికీ దుబాయే సార్. మళ్ల గది సమజ్ చేసుడు నాతోని గాదు."

ఆ మాటతో నా నెత్తురు ఉడికింది. ఆయనకు న్యాయం చేసే భారం చరిత్ర నా భుజాల మీద పెట్టిందనుకుని, నెల రోజులు కూర్చుని ఒక పద్ధతి తయారు చేశాను. గెలిస్తే ఇన్ని మార్కులు, సమమైతే ఇన్ని, బలమైన జట్టును ఓడిస్తే అదనంగా ఒకటి. ఏ జట్టుకు ఎన్ని వస్తున్నాయో తెలిస్తే లెక్కలు చేసేవాడి చెయ్యి వంకర పోతుంది కాబట్టి (ఆ చెయ్యి నాదే, అయినా దాన్నీ నమ్మలేదు) పేర్లు తీసేసి చీట్లు వేసి అక్షరాలు పెట్టించాను. క నుంచి ఝ వరకు సరిగ్గా తొమ్మిది. ఏ అక్షరం ఎవరిదో రాసిన కాగితం కవర్లో అతికించి పెసరట్టు అంకుల్ భార్య బీరువాలో పెట్టాం. ఫలితాల చీట్లు కూడా అక్షరాలతోనే ఆమె నాకు పంపేవారు. ఇక ఏడో నియమం నా గర్వకారణం: "ఆడని మ్యాచ్ సాక్ష్యం కాదు." ప్రత్యర్థి రాకపోతే వచ్చినవాళ్లకు అప్పనంగా గెలుపు ఇవ్వడమేమిటి? కంటితో చూడని గెలుపును హేతువాది ఎలా ఒప్పుకుంటాడు? ఆ మ్యాచ్ ఇద్దరి లెక్కలోంచీ కొట్టేయాలి. ఎవరికీ లాభం లేదు, ఎవరికీ నష్టం లేదు.

ఈ పద్ధతిని చదివి వినిపించిన రోజు ఐన్ ఖాలిద్ ఇంట్లో మెచ్చుకున్నవాడు లేడు. తొమ్మిది జట్ల కెప్టెన్లూ కాగితాన్ని వెలుతురుకు పట్టి నోటును చూసినట్టు చూశారు. "ఇందులో ఎవరికో మేలు ఉంది, అది ఎవరికో అంతుపట్టట్లేదు" అన్నాడొకడు. ఇంకొకడు బలమైన జట్టంటే ఏమిటో నిర్వచించమన్నాడు. నా గదిలోనే ఉండే మా జట్టు కెప్టెన్ సైతం పక్కకు పిలిచి, "ఒరేయ్, నిజం చెప్పు, మనకేనా?" అని ఆశగా అడిగాడు. కాదన్నందుకు నన్ను ద్రోహిలా చూశాడు. ఎవరినీ ఎవరూ నమ్మకపోవడం వల్లే చివరికి అందరూ సంతకాలు పెట్టారు. ప్రజాస్వామ్యం అలాగే పుట్టి ఉంటుందని నాకో అనుమానం.

రెండున్నర నెలలకు లీగు ముగిసింది. మళ్లీ అదే ఇల్లు, అవే పెసరట్లు. గోడకు అంటించిన పెద్ద కాగితం మీద అక్షరాలు, మార్కులు. నాలుగో స్థానంలో "చ", ఒక్క మార్కు తక్కువతో ఐదో స్థానంలో "ఙ". నేను నాటకీయంగా కవరు చించి చదివాను. చ అంటే మా జట్టు. ఙ అంటే ఐటీఐ.

 ఎవరో మెల్లగా చప్పట్లు కొట్టారు, మెచ్చుకోలుగా మాత్రం కాదు. "వచ్చిందిరా రుజువు!" అన్నారెవరో. నేను మూడుసార్లు లెక్క చూసుకున్నాను. లెక్క తప్పలేదు. ఆడిన రెండు మ్యాచ్‌లూ ఐటీఐ గెలిచింది. మిగతా రెండింటికీ ప్రత్యర్థులు రాలేదు, కాబట్టి ఏడో నియమం వాటిని మింగేసింది. మేం మూడు ఆడి రెండు గెలిచాం, ఒకటి సమం. నేను లేచి సూత్రం, నిష్పక్షపాతం, శాస్త్రీయ దృక్పథం అంటూ పావుగంట మాట్లాడాను. కాలేజీలో అయితే మొదటి బహుమతి వచ్చేది.

జగిత్యాల అన్న చివరి వరుసలో తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. చెయ్యి ఎత్తాడు.

"సార్, ఒక్క మాట. రెండు మ్యాచ్‌లకు వాళ్లు రాలే. మేం వచ్చినం. రానోళ్లది మీరు కొట్టేసిన్రు, సరే. వచ్చినోళ్లది ఎందుకు కొట్టేసిన్రు?"

"అన్నా, ఆట జరగలేదు కదా..."

"ఎట్ల జరుగుతది సార్? ఆ రెండు జట్లల్ల ఒకటి మీదే గద."

 మా కెప్టెన్ చటుక్కున లేచి, "ఆ రోజు గాలిదుమారం! చీటీలో రాసిచ్చాం కదా, వాతావరణం బాగాలేక రాలేకపోయామని!" అన్నాడు.

"దుమారం ఏడ లేసింది సార్?" అన్నాడు అన్న శాంతంగా. "రాత్రి డ్యూటీ దిగి, బస్సు మమ్ముల గ్రౌండ్ కాడనే దింపితే, పొద్దుగాల ఆరింటి సంది తొమ్మిదింటి దాంక ఆడనే ఉన్నం. ఎండ గొట్టింది. దుమ్ము రేపింది మేమే, బంతి తన్నుకుంట."

పెసరట్టు అంకుల్ నావైపు తిరిగాడు. "ఏవోయ్ అబ్బాయ్, ఇంతకాలం మా అందరినీ అడిగావు కదా. ఇప్పుడు నేనడుగుతాను. రుజువేది?"

నిజం నాకు తెలుసు. ఆ శుక్రవారం దుమారం లేదు. ముందురోజు ఒక పెళ్లిరోజు విందులో బిర్యానీ తిని ఏడుగురం ఎవరి మంచాల మీద వాళ్లం శవాల్లా పడి ఉన్నాం. ఎనిమిదింటికి మా కెప్టెన్ నిద్రలోనే, "అంత దూరం ఎవడెళ్తాడ్రా, దుమారమని రాసెయ్" అన్నాడు. రాసింది నా చెయ్యే. ప్రపంచంలో ప్రతిదానికీ రుజువడిగిన నేను ఆ దుమారానికి అడగలేదు. పైగా ఆడని మ్యాచ్‌ను కొట్టేసే నియమం రాసినప్పుడు, ఆడకుండా చేసేవాడు కూడా ఒకడుంటాడన్న అనుమానం నాకు రాలేదు. దేశంలో ఉన్న అందరినీ అనుమానించి మా మంచాలను మాత్రం వదిలేశాను.

కెప్టెన్ నా మోచేయి గిల్లి, "నోరు మూసుకుని కూర్చో. లోపలికొచ్చాం" అని గొణిగాడు. నేను మూసుకోలేదు. "దుమారం లేదు. మేం నిద్రపోయాం" అన్నాను. నా జీవితంలో అంత చిన్న ఉపన్యాసం ఇంకోటి లేదు.

అంకుల్ పెసరట్టు ముక్క పక్కన పెట్టాడు. "నిరుడు వీళ్లని పక్కన పెట్టి మేం చేసింది తప్పే. ఒప్పుకుంటాను. కానీ మా తప్పుకి ఒక మొహం ఉంది, ఎదురుగా వచ్చి తిట్టొచ్చు. నీ తప్పుకి లెక్క ఉంది. దాన్ని ఎవడు తిడతాడు? ఇప్పుడేం చేద్దాం, నువ్వే చెప్పు."

"ఆ మ్యాచ్ ఆడదాం" అన్నాను. "వచ్చే శుక్రవారం పొద్దున ఆరింటికి, అదే గ్రౌండులో. గెలిచినవాళ్లు సెమీఫైనల్‌కు."

జగిత్యాల అన్న, "వస్తరా మరి?" అన్నాడు. అందరూ నవ్వారు, ఆయన నవ్వలేదు. నిజంగానే అడిగాడు.

వెళ్లాం. ఆ వారమంతా మా కెప్టెన్ గదిలో ఒక్క కప్పు టీయే, అదీ తనకు మాత్రమే, పెట్టుకున్నాడు. ఆరు కావడానికి పది నిమిషాల ముందే ఇండస్ట్రియల్ ఏరియా గ్రౌండుకు చేరుకుంటే, వర్క్‌షాపుల గోడలకు ఆనుకుని, డ్యూటీ కవరాల్ దుస్తులతోనే, ఐటీఐ జట్టు మాకోసం చూస్తోంది. మమ్మల్ని చూడగానే అన్న, "యల్లా యల్లా, నడువుండ్రి! దుమారం వచ్చిండు!" అని అరిచాడు. (నాకు రెండో మారుపేరు అప్పుడే పడింది.) ఆ తర్వాత జరిగిన దాన్ని ఆట అనడం ఏడో నియమం ప్రకారం కష్టం. రాత్రంతా పనిచేసి వచ్చిన మనుషులు, రాత్రంతా నిద్రపోయి వచ్చిన మా మీద ఐదు గోల్స్ చేశారు. రెండు నా కాళ్ల మధ్యలోంచే పోయాయి. మేం ఒక్కటీ చెయ్యలేదు. ఆట అయ్యాక కంకరలో కూలబడ్డ నాకు నీళ్ల సీసా అందిస్తూ అన్న, "మీ కాయితం మీద మేం ఓడినం, మా మట్టిల మీరు ఓడిన్రు. సరిపాయె సార్" అన్నాడు.

మరుసటి శుక్రవారం ఆయన గడ్డి మీద ఆడాడు. నేను గట్టు మీద కూర్చుని చూశాను. సెమీఫైనల్‌లో రెండు గోల్స్ తేడాతో ఓడిపోయారు. ఓదార్చడానికి మంచి మాటలు తయారుచేసుకుని దగ్గరికి వెళ్తే, ఆయన బూటు అడుగు చూసుకుంటూ, "గడ్డి ఏమంత లేదు సార్. జారుతది. గీ దానికోసమా పదకొండేండ్లు కలలు గన్నది?" అన్నాడు. ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఆదివారం వెళ్లిపోయాడు.

ఇప్పుడు నేనుండేది ఐన్ ఖాలిద్‌లోనే. కమిటీలో ముగ్గురిలో ఒకణ్ణి. పెసరట్లు మా ఇంట్లోనే పోస్తున్నాం. నిరుడు కొత్తగా ఉద్యోగానికి వచ్చిన ఒక అమ్మాయి ల్యాప్‌టాప్‌లో తన సొంత పద్ధతి తెరిచి, "అంకుల్, మీ ఎంపిక మీద నాకు అస్సలు నమ్మకం లేదు" అంది. ఒళ్లు మండింది. ఆ వెంటనే ఆ మంట ఎక్కడో ఎరిగినదే అనిపించి, ఇంకో పెసరట్టు వడ్డించి, ఏడో నియమం ఎక్కడుందో వెతికాను. (ఆమె పద్ధతిలోనూ ఉంది. తొమ్మిదో నంబరుగా.)

ప్రతి ఏడూ సెమీఫైనల్ ముందు జగిత్యాల అన్న ఫోన్ చేస్తాడు. ఊళ్లో చిన్న వెల్డింగ్ షాపు, వెనకాల గ్రైండరు చప్పుడు. ఏ జట్టు గెలిచేలా ఉందని ఒక్కసారీ అడగలేదు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"ఈసారి ఎవలు రాలే సార్?"

చెబుతాను. ఎందుకు రాలేదో కూడా చెబుతాను. కారణం గాలిదుమారమని ఎవరైనా రాసి ఉంటే, ఆ శుక్రవారం ఆకాశం ఎలా ఉందో ముందే కనుక్కుని పెట్టుకుంటాను.